కర్ర మీద తాంబూలం

నిన్న ఆదివారం మీరంతా ఏం చేశారో నాకు తెలుసు. తలంటుకుని, కడుపునిండా తిని, మడతమంచాలు వాల్చుకుని పడుకున్నారు. నేనేం చేశానో తెలుసా? రామతీర్థం దగ్గర ఒక ఊళ్లో చీపురుకట్ట పట్టుకుని, కర్రసాము నేర్పే గరిడీ నేల ఊడ్చాను. ఊడ్చి, నీళ్లు చల్లి, మళ్లీ ఊడ్చాను. శిక్షకులకి శిక్షణ ఇచ్చి, వాళ్ల సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టినవాణ్ణి నేను! నవ్వకండి. ముందు టీ చెప్పండి, కాస్త అల్లం దంచి వెయ్యమనండి, అప్పుడు చెప్తాను. నుదుటి మీద ఈ బొప్పి సంగతి కూడా అందులోనే వస్తుంది, విడిగా అడగక్కర్లేదు.

మీరంతా ఎండాకాలం సెలవులకి ఎవరి ఊళ్లకి వాళ్లు పోయారు కదా. ఈ కోటబొమ్మాళిలో మిగిలింది నేనూ, మా హెడ్మాస్టరు గారూ, ఎండానూ. సరిగ్గా అప్పుడొచ్చింది పైనుంచి ఒక కాగితం. పల్లెల్లో కర్రసాము నేర్పే గురువుల్ని పిలిపించి, పదిరోజులు శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, పాసైనవాళ్లకి 'శిక్షకుడు' అని సర్టిఫికెట్టు ఇవ్వాలట. తాతల నాటి నుంచి కర్ర తిప్పుతున్నవాళ్లకి కర్ర తిప్పడం వచ్చని కాగితం ఇవ్వడం! చేపకి ఈత వచ్చని సర్టిఫికెట్టు ఇచ్చినట్టు. పోనీ ఇవ్వాల్సింది ఎవరు? కర్రసాములో అర్హత ఉన్న డ్రిల్లు మాస్టారు. అలాంటి కాగితం ఉన్నవాడు ఎవడా అని వెతికితే, ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే తేలాను.

నా అర్హత సంగతి మీకు ఇదివరకు చెప్పలేదు. చెప్పుకునేది కాదు గనక చెప్పలేదు. డ్రిల్లు ట్రైనింగు అయ్యాక నన్ను అరవదేశం వైపు పద్నాలుగు రోజుల కర్రసాము కోర్సుకి పంపారు. మూడో రోజు మధ్యాహ్నం అక్కడి మెస్సులో సాంబారు రెండోసారి వేయించుకున్నాను. అంతే. ఆ పద్నాలుగు రోజుల్లో మూడు రోజులు కర్ర పట్టుకున్నాను, పదకొండు రోజులు చెంబు పట్టుకున్నాను. ఆఖరి రోజున అందరితోపాటు నాకూ సర్టిఫికెట్టు ఇచ్చారు. 'ఫస్టు క్లాసు' అని ఉంది దాని మీద. దేంట్లో ఫస్టు క్లాసో రాయలేదు.

అయినా ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానంటే, నాది ఇంకా టెంపరరీ ఉద్యోగమే కదా. నాలుగేళ్లుగా ప్రతి జూన్‌లోనూ ఉంటుందో ఊడుతుందో అని హెడ్మాస్టరు గారి ముఖం చూస్తూ బతుకుతున్నాను. ఈ క్యాంపు ఆఖరి రోజున స్కూళ్ల ఇనస్పెక్టరు గారు స్వయంగా వస్తారనీ, ఆయన నాలుగు మంచి ముక్కలు రాస్తే నన్ను పర్మనెంటు చేస్తారనీ హెడ్మాస్టరు గారు చెవిలో వేశారు. ఆ మాట ఇంట్లో చెప్పాను. మా ఆవిడ అప్పటికప్పుడు సింహాచలం అప్పన్నకి మొక్కేసుకుంది. "మీ ఉద్యోగం నిలబడితే మీ జుత్తు ఇచ్చీసుకుంటానని మొక్కినాను" అంది. జుత్తు నాది, మొక్కు ఆవిడది.

నలుగురు గురువులు వచ్చారు. వాళ్లకి ఈ కాగితం మీద ఏమీ మోజు లేదు, భయం ఉంది. రోజులు ఎలా ఉన్నాయో మీకు తెలుసు కదా. నలుగురు కర్రలు పట్టుకుని ఒకచోట కనిపిస్తే, ఎవరు మీరు, ఎందుకు చేరారు అని ఠాణాకి పిలిచి అడుగుతున్నారు. సర్కారు ముద్ర ఉన్న కాగితం ఒకటి జేబులో ఉంటే గరిడీ మూసుకోనక్కర్లేదని వచ్చారు పాపం.

అందులో పెద్దాయన పైడయ్య. అరవై దాటి ఉంటాయి. ఎండిన చింతబరికెలా ఉన్నాడు. తెల్లటి మీసం, తలకి పొందూరు ఖద్దరు పాగా, ఒంటి మీద చొక్కా లేదు. వెంట అప్పలసూరి అని డోలు వాయించేవాణ్ణి తెచ్చుకున్నాడు. రామతీర్థం దగ్గర్నుంచి విజయనగరం దాకా బస్సులో, అక్కణ్ణించి పాసింజరులో, ఒళ్లో డోలు పెట్టుకుని వచ్చారట ఇద్దరూ. నేను ఆయన్ని చూసి ఏమనుకున్నానో దాచకుండా చెప్తాను. ఈ ముసలాడు పదిరోజులు ఎండలో నిలబడతాడా, నా క్యాంపులో పడిపోయి నా ఉద్యోగానికి ఎసరు పెడతాడా అనుకున్నాను.

మొదటి రోజు నేను ఖాకీ టోపీ, నిక్కరూ, సుద్ద రాసిన తెల్ల క్యాన్వాసు బూట్లూ, మెడలో విజిలూ వేసుకుని నిలబడ్డాను. చేతిలో సైక్లోస్టైలు చేసిన సిలబస్. కర్రసాము మొత్తం పదహారు నంబర్లు, నంబరుకో తిప్పు. నాకు ఒంటికి పట్టినవి మొదటి నాలుగే, మూడు రోజులకి అంతకంటే ఎక్కువ రావు కదా. మిగతా పన్నెండూ పుస్తకం చూసి చెప్పొచ్చులే అని ధైర్యం. ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాను. శాస్త్రీయంగా నేర్పకపోతే విద్య కాదు, గంతులవుతాయి అన్నాను. ఎవరితో అన్నాను? నలభై ఏళ్లుగా గరిడీ నడుపుతున్నవాళ్లతో. గురివిందగింజ తన కింది నలుపెరగదని ఊరికే అన్నారా?

ఉపన్యాసం అయ్యాక పైడయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"బాబూ, ఒక్క మాట. మా నేలకి కొన్ని మరియాదలున్నాయి. కర్ర ఎలగ దించాల, ఎలగ ఎత్తాల, మనిసి సేతికి ఎలగ ఇవ్వాల, ఎలగ ఇవ్వకూడదు. అవి ముందు మాటాడుకుంటే మంచిది."

"కర్ర ఇవ్వడానికి కూడా పాఠం కావాలేటయ్యా పైడయ్యా?" అన్నాను నేను. "చేతిలో పెడితే ఇచ్చినట్టు. సిలబస్‌లో లేనిది ఇక్కడ మాట్లాడొద్దు."

"సరే బాబూ" అన్నాడు. తలవంచుకుని తన వరసలోకి పోయాడు. ఆ 'సరే' విని నేను గెలిచాననుకున్నాను చూడండి, అక్కడ మొదలైంది నా బొప్పి.

ఆ పదిరోజులూ నేను వెలగబెట్టిన శిక్షణ ఏమని చెప్పను. నలుగురు మీసాలవాళ్లని వరసగా నిలబెట్టి, విజిలు ఊది, "ఒకటీ!" అని అరిచేవాణ్ణి. ఒకటో నంబరు వెయ్యగానే ఆగిపోవాలి. మళ్లీ విజిలు, రెండు. వాళ్లకి ఆగడం రాదు. కర్ర ఒకసారి కదిలిందంటే అది ఆగే చోట ఆగుతుంది గానీ నా విజిలుకి ఆగుతుందా? పైడయ్యకైతే అసలు కదలడమే రాలేదు. అడిగితే, డోలు లేకపోతే కాలు లేవదు బాబూ అన్నాడు. "కాలు నీదా, డోలుదా?" అన్నాను. నా చమత్కారానికి నేనే నవ్వుకున్నాను, ఇంకెవరూ నవ్వలేదు. డోలు శాస్త్రీయం కాదని చెప్పి అప్పలసూరిని వరండాలో ఒక మూల కూర్చోబెట్టాను. డోలు మీద చెయ్యి పడితే ఇంటికి పంపేస్తానన్నాను. పాపం పదిరోజులూ ఆ డోలుకి ఆనుకుని నిద్రపోయాడు.

మధ్యాహ్నాలు థియరీ. కర్రసాము వల్ల కలిగే ఆరు ప్రయోజనాలు. మొదటిది జీర్ణశక్తి. అది చెప్పేటప్పుడు మాత్రం నాకు నా కోర్సు గుర్తొచ్చి గొంతు కొంచెం తగ్గేది.

తొమ్మిదో రోజు పరీక్ష. వాళ్లకి రాయడం రాదు గనక నోటితో అడిగాను. పైడయ్యని అడిగాను, కర్ర పొడవు ఎంత ఉండాలి అని. పట్టుకున్నవాడి చెవి దాకా అన్నాడు. పుస్తకంలో ఐదడుగులని ఉంది. సున్నా వేశాను. ఎదుటివాడు నీ తల మీద కొట్టబోతే ఏ నంబరుతో ఆపుతావు అని అడిగాను. ముసలాడు నాకేసి జాలిగా చూశాడు.

"ఆడు కొట్టిందాకా నానక్కడెందుకుంటాను బాబూ?" అన్నాడు.

దానికీ సున్నా. పుస్తకంలో జవాబు ఆరో నంబరు. మొత్తం కూడితే వందకి ముప్ఫై వచ్చాయి. పాసవ్వాలంటే ముప్ఫై ఐదు. నలుగురిలో ఒకడు ఫెయిలైతే ఇనస్పెక్టరు గారు నా శిక్షణ బాగోలేదంటారేమో అని నాకు దడ. అందుకని ఐదు గ్రేసు మార్కులు కలిపాను. కలిపినవాణ్ణి నోరు మూసుకుని ఊరుకోవచ్చా? ఊరుకోలేదు. అందరి ముందూ నిలబెట్టి, "పైడయ్యా, నీ వయసు చూసి ఐదు గ్రేసు మార్కులిచ్చాను, గుర్తుంచుకో" అన్నాను. గ్రేసు అంటే ఏటి బాబూ అని అడిగాడు. "నీకు రాకపోయినా వచ్చినట్టు రాయడం" అన్నాను. ఓహో అన్నాడు. దండం పెడతాడేమోనని చూశాను. పెట్టలేదు. నాకు ఒళ్లు మండింది. దానం పుచ్చుకున్నవాడు దండం పెట్టాలా వద్దా?

ఇక ఆఖరి రోజు. మొన్నటి సంతరోజు కలిసొచ్చింది, బడి మైదానం చుట్టూ జనం. ఇనస్పెక్టరు గారికి చేతుల కుర్చీ, పక్కన హెడ్మాస్టరు గారు, బల్ల మీద సోడాలు. నాకేమో ఏదైనా కొత్తగా చేసి ఆయన మెప్పు పొందాలని యావ. ఉత్తి కాగితం చేతిలో పెడితే ఏం బాగుంటుంది? మన వైపు పెద్దమనిషిని సాగనంపేటప్పుడు తాంబూలం లేకుండా పంపుతామా? పళ్లెంలో పెట్టి ఇవ్వడం ప్రతివాడూ చేసేదే. అందుకని నాలుగు కొత్త వెదురు కర్రలు తెప్పించి, రంగు కాగితాలు చుట్టి, కర్రకి సర్టిఫికెట్టు రిబ్బనుతో కట్టి, కర్ర నడిమధ్యన రెండు తమలపాకులూ వక్కా పెట్టి, రెండు చేతుల మీదా పడుకోబెట్టి ఇద్దామని నిర్ణయించాను. ఎంత గొప్ప ఆలోచన వచ్చిందిరా అని పొద్దున్న అద్దంలో నా ముఖం చూసుకుని మరీ మురిసిపోయాను. కొరివితో తల గోక్కోవడానికి అద్దం కూడా చూసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

తక్కువ మార్కులవాడితో మొదలుపెడదామని పైడయ్యనే ముందు పిలిచాను. ఆకు కింద పడకుండా కర్ర రెండు అరచేతుల మీదా పట్టుకుని, నవ్వుముఖంతో ఎదురెళ్లాను. ముసలాడు చేతులు చాపినవాడల్లా ఆగిపోయాడు. కర్రకేసి చూశాడు, ఆకుకేసి చూశాడు, నాకేసి చూశాడు.

"బాబూ, ఇది మీరు తెలిసే ఇస్తన్నారా?" అన్నాడు.

"తెలియకుండా ఇస్తానా? మనసారా ఇస్తున్నాను. పుచ్చుకో" అన్నాను ఇనస్పెక్టరు గారికి కూడా వినపడేలాగ.

పైడయ్య సర్టిఫికెట్టు విప్పి జాగ్రత్తగా అప్పలసూరికి అందించాడు. ఆకూ వక్కా తీసి నోట్లో వేసుకున్నాడు. కర్ర తీసుకున్నాడు. పాగా విప్పి మళ్లీ బిగించి కట్టుకున్నాడు. వంగి మన్ను తీసి కళ్లకద్దుకుని, మైదానం మధ్యకి పోయి నిలబడ్డాడు. మిగతా ముగ్గురు గురువులూ లేచి, జనాన్ని వెనక్కి నెట్టి, గుండ్రంగా చోటు చేశారు. ఇదంతా నా మీద గౌరవమే అనుకుంటున్నాను నేను! అంతలో వరండాలోంచి డోలు మోగింది. పదిరోజుల బాకీ అంతా తీర్చుకుంటున్నట్టు వాయిస్తున్నాడు అప్పలసూరి.

నాకప్పుడు అనుమానం తగిలింది. సాంబారు నాటి అనుమానం. గబగబా పైడయ్య దగ్గరికి పోయి, నవ్వు చెదరనీకుండా గుసగుసగా అడిగాను.

"ఏటిది తాతా?"

"మీరే కదా బాబూ పిలిసినారు" అన్నాడు ఆకు నములుతూ. "కర్ర మీద తాంబూలం ఎట్టి ఇస్తే, దమ్ముంటే నాతో నేల మీదికి రా అని. మా తాతలకాడ్నించీ అంతే. ఎలగ ఇవ్వకూడదో మొదటిరోజే సెప్పబోనాను. ఒద్దన్నారు."

"పుచ్చుకోకుండా ఉండాల్సింది కదా."

"పిలిస్తే రానోడు ఈ జల్మకి మరి కర్ర ముట్టకూడదు. అందుకే కదా, తెలిసే ఇస్తన్నారా అని అడిగినాను."

"పోనీ ఇప్పుడు వెనక్కి తీసుకుంటాను."

"నమిలీసినాను బాబూ" అన్నాడు.

పుచ్చుకున్న ఆకు ఉమ్మేస్తే నేలకి అపచారమట. నాకు దిక్కు తోచలేదు. పోనీ నాకొచ్చిన నాలుగు నంబర్లూ మెల్లగా ఆడి ముగిద్దాం, ఒకటి, రెండు, మూడు, నాలుగు, అంతకి మించొద్దు అని బతిమాలాను.

"నంబర్లు నాకు రావు కదా బాబూ" అన్నాడు. "మీరే కదా మార్కులు తీసీసినారు."

అతని గొంతులో వెటకారం లేదు. ఉంటే కొంచెం బాగుండేది. ఇనస్పెక్టరు గారి వైపు తిరిగాను, ఆయనేమైనా ఆపుతారేమోనని. ఆయన సోడా పక్కన పెట్టి, "ఓహో, డెమాన్‌స్ట్రేషనా! మాస్టారూ, ఇదీ ప్రోగ్రాం అంటే. కానివ్వండి, కానివ్వండి" అని కుర్చీ ముందుకి లాక్కున్నారు. హెడ్మాస్టరు గారు నాకేసి చూసిన చూపులో నా ఉద్యోగం మొత్తం కనపడింది. ఆడనంటే, నాకు రాదని జనం ముందు ఒప్పుకున్నట్టు. రానివాడు నలుగురికి సర్టిఫికెట్లు ఎలా ఇచ్చాడని అడుగుతారు. ఇంక పర్మనెంటు మాట దేవుడెరుగు, టెంపరరీ కూడా పోతుంది. బల్ల మీదున్న ఒక కర్ర తీసుకుని నేల మీదికి దిగాను.

ఒకటో నంబరు వేశాను. నా కర్ర తిరిగే చోట పైడయ్య లేడు. రెండో నంబరు వేశాను. నా టోపీ నా తల మీద లేదు. పైడయ్య కర్ర కొనకి గుచ్చుకుని ఉంది. జనం ఈలలు. పైడయ్య ఆ టోపీని మర్యాదగా ఇనస్పెక్టరు గారి బల్ల మీద దించి వచ్చాడు. అరవై దాటిన మనిషి, డోలు దెబ్బకో అడుగు చొప్పున, నేల మీద కాలు ఆనుతోందో లేదో తెలియడం లేదు. పదిరోజులు నా విజిలుకి చెట్టు మొద్దులా నిలబడ్డ మనిషేనా ఈయన అనిపించింది. చెప్పొద్దూ, భయంలో కూడా చూడాలనిపించింది.

చూస్తూ నిలబడితే ఎలా? మూడో నంబరు వెయ్యడం మరిచిపోయాను. ఆపుదామని విజిలు నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాను. ఎవరూ ఆగలేదు. ఊపిరి తీసుకుందామని విజిలు వదిలితే, పైడయ్య కర్ర కొన వచ్చి తాడుతో సహా దాన్ని నా మెడలోంచి ఎత్తుకుపోయింది. గొంతుకి నూలుపోగంత దూరంలో. నాకు పూర్తిగా మతి పోయింది. నాలుగో నంబరు ఏమిటో, ఏడో నంబరు ఏమిటో, పుస్తకంలో బొమ్మలన్నీ కలిపి కళ్లు మూసుకుని ఒక్క తిప్పు తిప్పాను. ఆ కర్ర చుట్టూ తిరిగి, వెనకనుంచి ముందుకొచ్చి, టప్పున నా నుదుటికే తగిలింది. వెల్లకిలా పడ్డాను. పైడయ్య కర్ర నా ఒంటిని ఒక్కసారి కూడా తాకలేదు. ఇది మీరు నమ్మాలి. ఈ బొప్పి నేనే సొంతంగా, ఎవరి సాయమూ లేకుండా కట్టుకున్నది.

డోలు ఆగింది. జనం నవ్వీ నవ్వీ అలిసిపోయి ఆగారు. ఇనస్పెక్టరు గారు లేచి వచ్చి, నన్ను కాదు, పైడయ్యని అడిగారు.

"ఏమిటయ్యా ఇది? మీకు పదిరోజులు నేర్పింది ఈయనేనా?"

నేను కింద పడి ఉన్నాను. ఆకాశం కనపడుతోంది, మా ఆవిడ మొక్కు కనపడుతోంది. ముసలాడు నిజం చెప్తే నా పని సరి. చెప్పాలి కూడా. నేను చేసిన మర్యాదకి చెప్పకపోతేనే తప్పు. సున్నాలు వేశాను, డోలు మూయించాను, గ్రేసు మార్కులని పదిమందిలో చులకన చేశాను. నేనే అతని చోట ఉంటే దండోరా వేయించేవాణ్ణి.

పైడయ్య చేతులు కట్టుకున్నాడు.

"ఈయనే బాబూ. కర్ర ఎలగ పట్టుకోకూడదో ఇప్పుడు సూపించినారు. అది శానా కట్టం. మాకు నలుగురికీ రాదు" అన్నాడు.

ఇనస్పెక్టరు గారి ముఖం వికసించింది. ఆయనకి కర్రసాము గురించి నాకు తెలిసినంత కూడా తెలియదు, ఈ దేశంలో తనిఖీ అంటే అదీ. రిజిస్టరు తెప్పించుకుని అక్కడే రాశారు. తప్పు పద్ధతిలో ఆడితే కలిగే ప్రమాదాన్ని శిక్షకుడు స్వయంగా గాయపడి మరీ బోధించారనీ, ఇటువంటి అంకితభావం అరుదనీ, ఉద్యోగం ఖాయం చేయడానికి సిఫారసు చేస్తున్నాననీ. హెడ్మాస్టరు గారు ఆ పేజీ రెండుసార్లు చదువుకున్నారు. నా చెయ్యి పట్టి లేవదీశారు గానీ నా ముఖంలోకి మాత్రం చూడలేదు.

మిగతా ముగ్గురికీ ఉత్తి కాగితాలే చేతిలో పెట్టాను. అందరూ పోయాక పైడయ్య దగ్గరికి పోయి చేతులు పట్టుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను, అది నిజం. చివరికి, మీ రుణం ఎలా తీర్చుకోవాలి గురువుగారూ అన్నాను. పైడయ్యా అనడం, తాతా అనడం పోయి 'గురువుగారూ' నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"దానికీ రివాజు ఉన్నాది బాబూ" అన్నాడు తాపీగా. "తాంబూలం ఇచ్చి పిలిసి ఓడినోడు, గెలిసినోడి నేల ఊడవాల. ఆ నేల గురువు ఆడి సేతిలో కర్ర ఎట్టిందాకా ఊడవాల. ఆదోరం ఆదోరం వస్తే సాలు, మీకు ఉద్దోగం ఉన్నాది కదా."

కాబట్టి నిన్న పోయాను. పాసింజరు, బస్సు, ఆపైన రెండు మైళ్లు నడక. గరిడీ అంటే తాటాకుల పాకా, దాని ముందు ఎర్రమట్టి నేలా, అంతే. పాక గుంజకి ఒక మేకు కొట్టి, గాజు పటం కట్టించి, దేవుడి పటం పక్కన సర్టిఫికెట్టు తగిలించారు. కింద నా సంతకం, గుండ్రటి అక్షరాల్లో, తోకతో సహా. దాని కింద నేను, చీపురుకట్టతో. పక్కన ఎనిమిదేళ్ల పిల్లలు కర్రలు తిప్పుకుంటున్నారు. వాళ్లకి కర్రలు ఇచ్చేశారట. ఒక గుంటడు నా దగ్గరికొచ్చి, మీరు కొత్తగా సేరినారేటి అని అడిగాడు. అవునన్నాను. ఏమంటాను మరి?

రెండు గంటలు ఊడ్చాను. నడుం పట్టేసింది. డ్రిల్లు మాస్టారి నడుము! గురువుగారు వచ్చి, వెనక చేతులు కట్టుకుని, నేల చుట్టూ మెల్లగా ఒక ప్రదక్షిణం చేశారు. నాకు ధైర్యం వచ్చి, నవ్వుతూ అడిగాను.

"గురువుగారూ, కర్ర ఎప్పుడిస్తారు? మీకు నేను ఐదు మార్కులు కలిపాను, గుర్తుందా?"

ఆయన వంగి, మూలనున్న ఒక ఎండుటాకు తీసి నా అరచేతిలో పెట్టారు.

"ఊడవడానికి వందకి ముప్ఫై వచ్చినాయి బాబూ" అన్నారు. "గ్రేసు మా దగ్గిర లేదు. మళ్లీ ఆదోరం రండి."